గవిరయ్య గొంతు ఎత్తుకెళ్లిన గోరువంకలు

తూరుపు కొండల్లో ఒక వాలు. పైన ఇప్పచెట్లు, కింద పచ్చిక, పచ్చిక అంచున వాగు. వాగు దాటితే ముళ్లపొదలు కమ్మిన లోయ. ఆ పచ్చికలో చుక్కల దుప్పుల మంద మేసేది. వాటి తలలకి పైన, ఎత్తైన ఇప్పకొమ్మ మీద గవిరయ్య అనే ముసలి కొండముచ్చు కూర్చునేవాడు.

దుప్పికి ముక్కు చురుకు, కొండముచ్చుకి కన్ను చురుకు. గవిరయ్య తిని పారేసిన లేతాకులు, పూలు దుప్పులకి తిండి. పొదలో చిరుత తోక కదిలితే “ఖక్! ఖక్!” అని ఆయన కూసిన కూత వాటికి ప్రాణం. ఇచ్చిపుచ్చుకునే చుట్టరికం. ఎవరి దయా కాదు.

గవిరయ్యకి కుర్రతనం నుంచీ ఒక పిచ్చి ఉంది. కొత్త వస్తువు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. ఎండిన సొరకాయ బుర్రల్లో గులకరాళ్లు పోసి, వాటిని అడవితీగలకి కట్టి, లోయ గట్టు పొడుగునా పొదల్లో అల్లింది ఆయనే. ఏ జంతువు తీగని రాసుకున్నా బుర్రలు గలగలమనేవి. అప్పట్లో ముసలి కొండముచ్చులు తిట్టిపోశాయి. “తాతముత్తాతలు గొంతుతో బతికారు. నీకెందుకురా ఈ గిలకలు?” అన్నాయి. గవిరయ్య నవ్వి ఊరుకున్నాడు. ఆ బుర్రల మోతకి ఎన్ని దుప్పులు బతికి బట్టకట్టాయో ఆ వాలుకే తెలుసు. అందుకే తర్వాతి రోజుల్లో “ఆ ముసలాయనకి కొత్తదంటే గిట్టదు” అని ఎవరైనా అంటే ఆయనకి కడుపు రగిలేది.

ఊరక రారు మహానుభావులు అంటారు. ఎండలు ముదురుతున్న వేళ సరసయ్య అనే నక్క వాలెక్కి వచ్చాడు. వెనకాల గోరువంకల గుంపు.

“అమ్మల్లారా, అయ్యల్లారా! మీ దగ్గర గడ్డిపరక కూడా పుచ్చుకోను” అన్నాడు సరసయ్య, తోకని కాళ్ల చుట్టూ చుట్టుకుని కూర్చుని. “చెట్టుకో గోరువంకని పెడతాను. మీకేం కావాలన్నా దాన్నడగండి. చెబుతుంది. అంతే.”

సోములమ్మ అనే దుప్పికి బంగారి అని ఒక్కతే కూతురు. పిల్లకి నోరూ ఎక్కువే, కాళ్లూ ఎక్కువే. ముందుకి గెంతి అడిగింది. “వాగులో నీళ్లు ఎక్కడ తియ్యగా ఉంటాయి?”

“రెల్లుగడ్డి మలుపు దగ్గర బంగారమ్మా, అక్కడ రాళ్లు కూడా నున్నగా ఉంటాయి” అంది గోరువంక.

మంద నోరు తెరిచింది. అందరికంటే పెద్దగా తెరిచినవాడు గవిరయ్యే. చెట్టు దిగి వచ్చి పిట్ట చుట్టూ తిరిగాడు. ముక్కులోకి తొంగి చూశాడు. రెక్క కింద వెతికాడు. పెళ్లికొడుకుని చూసిన ఆడపెళ్లివారిలా పొద్దుగూకేదాకా దాని ఎదుటే కూర్చున్నాడు.

“ఎంత బాగుందే ఇది!” అన్నాడు సోములమ్మతో. “నా కుర్రతనంలో ఇలాంటిది దొరికి ఉంటే అన్నం నీళ్లు మానేసేవాణ్ణి.”

నాలుగు రోజులు అడిగిందే అడిగాడు. ఐదో నాడు అడిగిన ప్రశ్నతో ఆ మురిపెం కాస్తా తీరిపోయింది.

“కడుపునొప్పికి మందేమిటి?” అన్నాడు.

“గన్నేరాకు నమిలితే హాయి” అంది గోరువంక, కన్నార్పకుండా.

గవిరయ్య అదిరిపడ్డాడు. గన్నేరు నమిలితే హాయే, మళ్లీ ఏ నొప్పీ ఉండదు! ఆరా తీస్తే సంగతి బయటపడింది. కడుపునొప్పికి ఆకు నమలమని కుందేలు ఎవరితోనో చెబుతుంటే పిట్ట విన్నది. గన్నేరు పువ్వు చూస్తే కళ్లకి హాయి అని జింక అంటే అదీ విన్నది. రెండూ కలిపి కుట్టింది. దానికి తెలిసింది ఏమీ లేదు. విన్నది ఉంది, అంతే. రెల్లు మలుపు నీళ్ల మాటా వాలెక్కి వచ్చే ముందు రోజు దుప్పులే అనుకుంటుంటే విన్నది.

తిన్నగా సరసయ్య దగ్గరికి వెళ్లాడు.

“సరసయ్యా, నీ పిట్టకి తెలియదని చెప్పడం తెలియదా?”

“పెద్దాయనా, పసిపిట్ట. నేర్చుకుంటోంది.”

“నేర్చుకునేలోపు నా కుందేళ్లు చస్తే?”

“నడిచే కాలే జారుతుంది. మీరు బుర్రలు కట్టిన కొత్తలో ఒక్కటీ ఊడిపడలేదా?”

“పడ్డాయి. కానీ నా బుర్ర మోగితే మోగింది, లేకపోతే లేదు. మోగకుండా మోగానని చెప్పలేదు.”

సరసయ్య పళ్లు కనిపించేలా నవ్వాడు.

“సరే, ఇంకొకటి చెప్పు. వీటికి గింజలు ఎవడు వేస్తున్నాడు? నీకేం లాభం?”

“ధర్మం.”

“నక్కకి ధర్మమా! గాలానికి ఎర కట్టేవాడు చేప ఆకలి తీర్చడానికి కట్టడయ్యా.”

నక్క తోక ఊపుకుంటూ వెళ్లిపోయాడు. ఆ మరునాడు ఒక ఆట తెచ్చాడు. ఎక్కడో ఏరిన అద్దం పెంకుల్ని గోరువంకలు ముక్కున పట్టుకుని ఎండకి తిప్పేవి. పచ్చిక మీద వెలుగు మచ్చలు పరుగెత్తేవి. వాటిని కాలితో తొక్కిన పిల్లకి చెట్టు మీది నుంచి ఒక గురివింద గింజ పడేది. గురివింద గింజ తినడానికి పనికిరాదు, కట్టుకోవడానికి పనికిరాదు. అయినా పిల్లలు మేత మానేసి పరుగెత్తాయి. ఒగరుస్తూ ఆగితే గోరువంకలు “ఇంకొక్కటే బంగారమ్మా! ఇంకొక్కటి తొక్కితే నువ్వే రాణివి!” అనేవి. తొక్కబోతుంటే మచ్చ జరిగిపోయేది.

గవిరయ్యకి ఆటలంటే పగ లేదు. ఆయనా కొమ్మకి తీగ కట్టి ఊగినవాడే. కానీ ఊగి ఊగి చెయ్యి నొప్పెడితే ఆయన ఊయల “ఇంకొక్కసారి” అని బతిమాలేది కాదు. కొమ్మ మీద కూర్చుని ఆయన ఇంకొకటి గమనించాడు. ఏ పిల్ల వేగంగా పోతుందో, ఏది త్వరగా అలసిపోతుందో, ఏ కాలు కుంటుతోందో గోరువంకలు చూస్తున్నాయి. పొద్దుగూకగానే ఎగిరి చిరుత ఉండే లోయవైపు వెళుతున్నాయి.

మందకి పెద్ద ఎర్రయ్య అనే కొమ్ముల దుప్పి. ఆయన ఎదుట పెట్టాడు సంగతంతా.

“కొత్తది మంచిదే ఎర్రయ్యా. కొత్తదాన్ని నాకంటే ప్రేమించినవాడు ఈ వాలు మీద లేడు. అందుకే చెబుతున్నాను. పరికరం మన చేతిలో ఉండాలి. ఇది మనల్ని చేతిలో పెట్టుకుంటోంది.”

ఎర్రయ్య నెమరు వేస్తూ విన్నాడు. పక్కన కుర్ర దుప్పులు కిసుక్కుమన్నాయి.

“తాతా, నీ బుర్రల కాలం పోయింది!” అంది బంగారి. “గాలి వీచినా మోగుతాయి. నిద్ర పట్టనివ్వవు. గోరువంకలైతే చిరుత వస్తే పేరు పెట్టి పిలిచి చెబుతాయట.”

“అట అన్నావు చూడు, అదే నా భయం” అన్నాడు గవిరయ్య.

నవ్వులు మిన్నంటాయి. బుర్రలూ పిట్టలూ, రెండిటి మోతా ఎందుకని తేల్చారు. ఎర్రయ్యే స్వయంగా వెళ్లి కొమ్ములతో తీగలు తెంపాడు. బుర్రలు ఒక్కొక్కటే లోయలోకి దొర్లాయి. అవి రాళ్లకి తగిలి పగులుతున్న చప్పుడు గవిరయ్య కొమ్మ మీద కూర్చుని ఆఖరిదాకా విన్నాడు.

ఇక మిగిలింది ఆయన గొంతు. సరసయ్య దాని కోసం వచ్చాడు.

“పెద్దాయనా, మీ కూత పిట్టలకి నేర్పండి. చెట్టుచెట్టునా మీ గొంతే మోగుతుంది. మీరు పోయినా అది ఉంటుంది.”

“నేను పోయాక నా గొంతుకేం పని? నేర్పను.”

“మీ ఇష్టం” అని నక్క వినయంగా తల వంచి వెళ్లిపోయాడు.

మూడు నాళ్లు తిరక్కుండానే వాగు అవతల నుంచి తన గొంతు తనకే వినిపించింది గవిరయ్యకి. “హూప్! హూప్! అంతా క్షేమం, మేయండమ్మా.” ఆ గొంతులో తన దగ్గు కూడా ఉంది.

“దొంగ!” అని దూకి సరసయ్య ఎదుట నిలబడ్డాడు. “అది నా కూత.”

“గాలిలోకి వదిలేసిన కూత ఎవరిది పెద్దాయనా? గాలిది. పిట్టలు గాలిలోంచి ఏరుకున్నాయి.”

“నా ఇల్లు గాలిలోనే ఉంది. అదీ ఏరుకుంటారా?”

“కోపం ఆరోగ్యానికి మంచిది కాదు” అన్నాడు సరసయ్య.

అది మొదలు గోరువంకలకి అదో ఆట అయిపోయింది. గవిరయ్య గొంతుతో వేళాకోళాలాడేవి. పిల్లల గొంతులతో “అమ్మా! అమ్మా!” అని అరిచేవి. తల్లులు గుండెలు బాదుకుని పరుగెత్తుకెళితే అక్కడ పిట్ట కూర్చుని కిచకిచ నవ్వేది. మొదట తిట్టుకున్నారు, తర్వాత నవ్వుకున్నారు, ఆ తర్వాత తల ఎత్తడం మానేశారు. ఒకనాడు బంగారి గొంతు పొదలోంచి వినిపిస్తే సోములమ్మ ఉలిక్కిపడి లేచింది. చూస్తే బంగారి పక్కనే మేస్తోంది.

“చచ్చినంత పని చేశాయి మామా” అంది గవిరయ్యతో నవ్వుతూ. “ఇకమీదట లేవను.”

“లేవడం మానకు సోములూ” అన్నాడాయన. “నూరుసార్లు మోసపోయినా సరే, నూటొకటోసారి లే.”

ఆమె విన్నది. ఊఁ కొట్టింది.

మరికొన్నాళ్లకి ఒకనాడు ఎండ నడినెత్తికి వచ్చింది. వెలుగు మచ్చలు మామూలుగా పచ్చిక మధ్యలో తిరగకుండా వాగు వైపు జరుగుతున్నాయి. బంగారి వాటి వెంట పడింది. వాగు దాటింది. మచ్చ గట్టెక్కింది, తనూ ఎక్కింది. పొదల మధ్య పసుపు మీద నల్లచుక్కలు కదలడం గవిరయ్య కళ్లకి కనిపించింది.

“ఖక్! ఖక్! చిరుత! గట్టు మీద చిరుత!”

మంద తలెత్తింది. అంతలోనే ఎదుటి చెట్టు మీది నుంచి అదే గొంతు, అదే దగ్గు వినిపించాయి. “హూప్! ఏమీ లేదమ్మా, ఏమీ లేదు. ముసలాణ్ణి, నీడ చూసి భయపడ్డాను. మేయండి.”

“కాదు! నేనే గవిరయ్యని! ఖక్!”

“నేనే గవిరయ్యని. మేయండి.”

ఎర్రయ్య ఒక చెట్టు వంకా చూశాడు, ఇంకో చెట్టు వంకా చూశాడు. విసుగ్గా తల విదిలించి గడ్డిలోకి వంచాడు. మంద మొత్తం తల వంచింది.

గవిరయ్య కూత మానేశాడు. కొమ్మ మీంచి కొమ్మకి, కొమ్మ మీంచి నేలకి దూకాడు. వయసు మరిచి దూకినందుకు కాలు మెలి తిరిగింది. కుంటుకుంటూ సోములమ్మ వైపు పరుగు పెట్టాడు. అప్పుడే గట్టు మీది నుంచి కేక వచ్చింది.

“అమ్మా!”

సోములమ్మ చెవి ఒక్కసారి అటు తిరిగింది. పెదవుల మీద చిన్న నవ్వు మెరిసింది. “పొండే, మీ వేషాలు” అంది పిట్టలతో. గడ్డి కొరికింది.

“అమ్మా! అమ్మా!”

గవిరయ్య వచ్చి ఆమె మెడని రెండు చేతులా పట్టుకుని తిప్పాడు. “నన్ను చూడు సోములూ! గొంతుని నమ్మకు, నన్ను చూడు! అది నీ బిడ్డే!”

ఆమె చూసింది. ఆ ముసలి ముఖం, కారుతున్న కళ్లు చూసింది. ఆ తర్వాత ఇంక కేక రాలేదు. అద్దం పెంకు ఒకటి పొదలో తళుక్కుమని ఆగిపోయింది.

మర్నాడు సరసయ్య పరామర్శకి వచ్చాడు. చిరుత మిగిల్చిన ఎంగిలి తిని, మూతికి అంటుకున్న నెత్తురు సరిగా తుడుచుకోలేదు. అది ఎవరూ చూడలేదు, గవిరయ్య తప్ప.

“పిట్టలు పొరబడ్డాయి. నా మనసు మనసులో లేదు” అన్నాడు. “ఇలాంటిది మళ్లీ జరగకుండా ఇంకా ఎక్కువ పిట్టల్ని పెడతాను.”

“వీడి మూతి చూడండి!” అని అరిచాడు గవిరయ్య.

ఎర్రయ్య బరువుగా నిట్టూర్చాడు. “ఆయన పాపం వచ్చి ఓదారుస్తున్నాడు కదా మామా. నీళ్లెక్కడున్నాయో, మేతెక్కడుందో పిల్లలకి పిట్టలే చెప్పాలి ఇప్పుడు. వాటిని పొమ్మంటే ఎవరు వెతుక్కుంటారు? మేం ఆ విద్య మరిచిపోయి ఒక ఋతువు దాటింది.”

నక్క సోములమ్మ దగ్గరికి జరిగాడు. గొంతు తగ్గించాడు. “అమ్మా, నీ కోసం ఒక పిట్టని తెచ్చాను. ఏమీ పుచ్చుకోను.”

పిట్ట ఆమె ఎదుటి కొమ్మ మీద వాలింది. “అమ్మా” అంది, బంగారి గొంతుతో. “అమ్మా, ఆకలేస్తోంది. నువ్వు తిన్నావా?”

సోములమ్మ అక్కడే కూలబడింది.

అప్పటి నుంచి ఆమె ఆ చెట్టు కిందే ఉంటోంది. మందతో మేతకి పోదు. గవిరయ్య లేతాకులు తెంపి తెచ్చి ముందు పెడతాడు. ఒక్కోనాడు తింటుంది.

“అది బంగారి కాదు సోములూ” అన్నాడు ఒక సాయంత్రం. “దానికి ఆకలి లేదు. అమ్మ లేదు.”

“తెలుసు మామా.”

“తెలిసీ?”

ఆమె తల ఎత్తి చూసింది. పై కొమ్మ మీద పిట్ట ఈకలు దువ్వుకుంటోంది.

“బిడ్డ నిజంగా పిలిచినప్పుడు నేను లేవలేదు” అంది. “ఇది అబద్ధంగా పిలిచినప్పుడైనా లేవనీ.”

పిట్ట ఎగిరి ఇంకో చెట్టు మీద వాలింది, వాగుకి కాస్త దగ్గరగా. “అమ్మా, ఇటు రా” అంది. సోములమ్మ లేచింది. కుంటికాలు ఈడ్చుకుంటూ ముసలి కొండముచ్చు ఆమె పక్కన నేల మీద నడిచాడు, ఆమె మెడ మీద చెయ్యి వేసి వెనక్కి లాగుతూ. ఆయన బలం ఎంత! గట్టు అవతల సరసయ్య పొద్దుటి నుంచి కూర్చునే ఉన్నాడు, తోకని కాళ్ల చుట్టూ చుట్టుకుని.

అరువు గొంతుకి చెవి అప్పగించిన మందకి, సొంత బిడ్డ కేక కూడా వేళాకోళంగానే వినిపిస్తుంది.