కోనప్ప అడిగిన ఒక్క ఆకు

అనగా అనగా, రాజులు కొట్టుకుంటే ఊళ్ళు ఏడ్చే కాలంలో ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక వైద్యుడు. పేరు కోనప్ప. కులానికి మంగలి. పొద్దున గడ్డాలు గీసేవాడు, పొద్దెక్కాక గాయాలు కట్టేవాడు. గాయం తగిలితే ఊరంతా అతని గుమ్మంలోకి పరిగెత్తేది. గాయం మానితే అతన్నే గుమ్మం అవతల నిలబెట్టేది. ఊరంటే అంతేగా!

కోనప్పకు మూడు పిచ్చులు. గాయం కనపడితే కడగాలి. పుస్తకం కనపడితే చదవాలి. మందు కనపడితే, దీన్ని మొదట ఎవరు కనిపెట్టారని అడగాలి. అతనికి చదువు ఎవరూ చెప్పలేదు. బడి పిల్లలు ఇళ్ళకెళ్ళాక ఇసకలో మిగిలిన అక్షరాలు ఏరుకుని తనే నేర్చుకున్నాడు.

ఆ ఊళ్ళో ఉన్నది ఒకటే వైద్య పుస్తకం. తాటాకుల పుస్తకం. చెప్పింది కోనప్ప తాత. రాసింది కరణం పేర్రాజు పంతులు తాత. చెప్పినవాడు మట్టిలో కలిశాడు. రాసినవాడి ఇంట్లో పుస్తకం ఉండిపోయింది. దాన్ని ఎర్రగుడ్డలో చుట్టి, మూడు ముళ్ళు వేసి, పీట మీద పెట్టారు. పసుపు రాశారు, కుంకుమ పెట్టారు, హారతి ఇచ్చారు. విప్పడం మాత్రం ఎవరూ విప్పలేదు.

అప్పుడు యుద్ధం వచ్చింది. ఎందుకొచ్చిందో ఊరికి ఎవరూ చెప్పలేదు. కండ ఉన్నవాళ్ళను కత్తి పట్టడానికి తీసుకెళ్ళారు. పేర్రాజు కొడుకు బుచ్చిరాజును సైన్యం లెక్కలు రాయడానికి తీసుకెళ్ళారు. కోనప్పను గాయాలు కట్టడానికి తీసుకెళ్ళారు.

"మావాడిది కత్తి పట్టే పని కాదు, గంటం పట్టే పని" అని పేర్రాజు అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

నవరాత్రుల్లో మొదటి జాబు వచ్చింది. తెచ్చిన మనిషి కోనప్ప భార్య నూకాలు చేతికిచ్చి పోయాడు. ఆమెకు చదువు రాదు. అరుగు కింద నిలబడి పంతులుకు అందించింది. ఊరంతా మూగింది. పేర్రాజు పైకి చదివాడు.

"పంతులు గారి పాదాలకు కోనప్ప నమస్కారాలు. ఇక్కడ కత్తి చంపేది కొద్దిమందిని. చీము చంపేది ఎందరినో. కట్టుగుడ్డ ఉడకబెట్టి కట్టాలని ఒక ముసలి మావటి నేర్పాడు. ఏనుగు కాలికి కట్టేది మనిషికి కట్టి చూశాడట. అతని పేరు గంగులు, మరవకండి. కుళ్ళిన గాయానికి మా తాత చెప్పిన తైలం ఒకటి మీ పుస్తకంలో ఉంది. అందులో వేసే మూలికలు గుర్తున్నాయి, పాళ్ళు గుర్తు లేవు. పుస్తకం వద్దు. ఆ ఒక్క ఆకు చూసి రాయించండి, చాలు. పుస్తకాన్ని ఒకసారి ఎండలో పెట్టి, నిమ్మగడ్డి నూనె రాయండి. పురుగు పడుతుంది."

అరుగు మీద నవ్వులు. గవరయ్య అని ఒక నోటి దురదవాడు ఉండేవాడు. "ఏమే నూకాలూ, మీ ఆయన యుద్ధానికెళ్ళాడా, పుండ్ల సంతకెళ్ళాడా?" అన్నాడు.

"నీ మొహానికి పుండు లేస్తే తెలుస్తుందిలే, ఏ సంతకెళ్ళాలో" అంది నూకాలు. తరవాత పంతులు వైపు తిరిగింది. "ఆ ఒక్క ఆకు చూసి చెప్పండి బాబూ."

"పుస్తకం పూజలో ఉందే. పీట మీదున్న పుస్తకాన్ని ముట్టుకోకూడదు. దశమి వెళ్ళనీ."

దశమి వెళ్ళింది. పౌర్ణమీ వెళ్ళింది. మంచిరోజు మాత్రం రాలేదు. చెయ్యకూడదనుకున్న పనికి మంచిరోజు ఏ పంచాంగంలోనూ ఉండదు.

చలి ముదిరాక రెండో జాబు వచ్చింది. నూకాలు అరుగు కింద నిలబడింది. పేర్రాజు చదివాడు.

"పంతులు గారి పాదాలకు కోనప్ప నమస్కారాలు. మనవాళ్ళనీ అవతలివాళ్ళనీ ఒకే చాప మీద పడుకోబెడుతున్నాను. మూలుగు రెండు వైపులా ఒకటే. గాయం మీద ఈగ వాలకుండా పలచటి గుడ్డ పందిరి వెయ్యడం నాకు నేర్పింది అవతలి సైన్యం చాకలి, పేరు దాసి, మరవకండి. నా దగ్గర ఒక కుర్రవాడున్నాడు. తొడలో బాణం దిగింది. గాయం నల్లబడుతోంది. పాళ్ళు తెలియక తైలం కాచడానికి చెయ్యి రావడం లేదు. పాళ్ళు తప్పితే మందే విషం. ఆ ఒక్క ఆకు చూసి పంపండి."

"శత్రువుకి మన మందా!" అని గవరయ్య అరుగు చరిచాడు. ఊరంతా తలలూపింది. తలలు ఊపడానికి ఖర్చేముంది!

పేర్రాజు అడిగాడు, "ఏ ఇంటి కుర్రాడట?"

"రాయలేదుగా బాబూ. చాప మీదున్నవాడి పేరు మా ఆయన బయటికి చెప్పడు. వాళ్ళ తాత పెట్టిన ఒట్టు."

"పేరైనా లేనివాడి కోసం మా తాత వేసిన ముడి విప్పమంటావా?"

"ముడి వేసింది మీ తాతే బాబూ. లోపలి మాట మా ఆయన తాతది."

అయినా అరుగు మీంచి ఎవరూ లేవలేదు. ముడి విప్పలేదు.

మామిడి పూత రాలే వేళకు మూడో జాబు వచ్చింది. నూకాలు అరుగు కింద నిలబడింది. పేర్రాజు చదివాడు.

"పంతులు గారి పాదాలకు కోనప్ప నమస్కారాలు. ఆ కుర్రవాడు పోయాడు. మీ జాబు కోసం చూసి చూసి, గుర్తున్న పాళ్ళతో తైలం కాచాను. పాళ్ళు తప్పాయి. తప్పు నాది. అది కూడా రాసి ఉంచండి, నా తరవాత వచ్చేవాడు అదే తప్పు చెయ్యకూడదు. బతికున్నవాడి పేరు చెప్పను గాని, పోయినవాడి పేరు ఇంటివాళ్ళకు చెప్పాలి. కర్మ చెయ్యాలి కదా. ఆ కుర్రవాడి పేరు..."

పేర్రాజు ఆగిపోయాడు.

"ఆగారేం బాబూ?" అంది నూకాలు. "ఎవరింటి కుర్రాడట?"

తలుపు వెనక పేర్రాజు భార్య గాజులు కదిలాయి. పేర్రాజు జాబు వైపే చూస్తూ అన్నాడు, "బుచ్చిరాజు."

బాణానికి కత్తివాడెవరో లెక్కలవాడెవరో ఏం తెలుసు?

లోపల తల్లి కూలబడింది. జాబులో ఇంకా రెండు వరుసలున్నాయి. పేర్రాజు వాటినీ చదివాడు. చదవక తప్పలేదు.

"పేరు ముందే రాసి ఉంటే ఆ ఆకు వచ్చేదేమో. పేరు లేనివాడికైనా వస్తుందనుకున్నాను. క్షమించండి."

చూశారా, క్షమించమని ఎవరు ఎవరిని అడిగారో!

పేర్రాజు లోపలికెళ్ళి పుస్తకం తెచ్చాడు. అందరి ముందూ అరుగు మీద పెట్టాడు. మొదటి ముడి విప్పాడు. రెండో ముడి విప్పాడు. మూడో ముడి విప్పాడు. పైన పసుపు, లోపల మన్ను. ఒక్క ఆకు లేదు, ఒక్క అక్షరం లేదు. చెదలు తిని మట్టి మిగిల్చాయి. ఇన్నేళ్ళూ హారతి పట్టింది ఆ మట్టికి.

గవరయ్య గొంతు సవరించుకున్నాడు. "పోనీలెండి పంతులు గారూ, ముందే విప్పినా ఇంతేగా. మీ తప్పేముంది?"

"ఎండలో పెట్టమని మొదటి జాబులోనే రాశాడుగా" అంది నూకాలు. "అప్పుడు నవ్వింది ఎవరు గవరయ్యా?"

పేర్రాజు తల ఎత్తలేదు. "విప్పి ఉంటే లేదని తెలిసేది. లేదని రాసి ఉంటే కోనప్ప ఆ తైలం జోలికి పోయేవాడు కాదు. లేదన్న మాట కూడా ఇవ్వలేదు నేను" అన్నాడు.

నాలుగో జాబు రాలేదు. చాప మీది జ్వరమే కోనప్పకూ తగిలిందని, ఆ చాప మీదే పోయాడని, ఎన్నాళ్ళకో ఎవరో చెప్పారు. ఎక్కడ మట్టి చేశారో ఎవరికీ తెలియదు.

ఊరికిప్పుడు పుస్తకం లేదు. ఉన్నవి ఆ జాబులు. పేర్రాజు కొత్త తాటాకులు తెప్పించాడు. జాబుల్లో ఉన్నది రాయడం మొదలుపెట్టాడు. గంగులు పేరు రాశాడు, దాసి పేరు రాశాడు. రెండు జాబులు రాసి గంటం కింద పెట్టాడు.

"మూడోది?" అంది నూకాలు.

"అందులో మందు లేదుగా."

"మందంతా అందులోనే ఉంది బాబూ. రాయండి."

పేర్రాజు రాశాడు. రాస్తూ ఏడ్చాడు. తన కొడుకు పేరు తన చేత్తోనే రాశాడు. 'ఏ ఇంటి కుర్రాడట' అని తను అడిగిన మాట జాబులో లేదు. దాన్నీ కింద రాసి, 'ఇది నా మాట' అని సంతకం పెట్టాడు.

అప్పటి నుంచి ఆ ఊళ్ళో నవరాత్రులకు పుస్తకాన్ని ముడి వేసి పీట మీద పెట్టరు. విప్పి పెడతారు. ఎండ చూపించి, నిమ్మగడ్డి నూనె రాసి, ఎవరు అడిగితే వాళ్ళకు చదివి వినిపిస్తారు. మూడో జాబు చదివేటప్పుడు మాత్రం చదివేవాళ్ళు అరుగు దిగి, నూకాలు నిలబడ్డ చోట నిలబడి చదువుతారు. తల ఎత్తరు. వినేవాళ్ళూ ఎత్తరు.

మందు కోసమో, పుస్తకం కోసమో ఆ ఊరు ఎవరు వెళ్ళినా సరే, 'ఎవరికి?' అని అడిగే నోరు అక్కడ లేదు. పిల్లలు కూడా అడగరు. పని వదిలేసి లేస్తారు. "మనింటి కుర్రాడికే" అంటూ తెచ్చి ఇస్తారు.

కథ కంచికెళ్ళే ముందు మీ ఇంట్లో ముడి వేసి ఉన్నదేదో చూసుకోండి. అది విప్పాకే వెళుతుంది.