ఎద్దురాయి మూపురం

అనగనగా, కొండలకింకా ఎవరూ పేర్లు పెట్టని రోజుల్లో, చల్లేరు అని ఒక కొండయేరు ఉండేది. రాళ్ళమీద ఉరికేది, మడుగుల్లో నిలిచేది, మళ్ళీ ఉరికేది. ఆ నీళ్ళలో ఒంటినిండా ఎర్రచుక్కలున్న చేపలు తిరిగేవి. వాటిని చుక్కచేపలనేవారు.

చుక్కచేపకి వానపాము ఎర పనికిరాదు. నీటిమీద వాలే ఈగ కావాలి. ఆ ఈగను చేసే నేర్పు కొండమొత్తం మీద ఒక్క గవిరమ్మకే ఉండేది. అడవికోడి మెడ ఈక రెండు పాయలు, పట్టుదారం నాలుగు చుట్లు, మధ్యలో చిన్న గాలం. వెదురుకర్ర ఆడించి విసిరితే ఆ ఈకల ఈగ నీటిని తాకీ తాకనట్టు వాలేది. చేప ఎగిరి అందుకునేది.

రోజుకి రెండు చేపలు. మూడోది ఎగిరినా గవిరమ్మ చూడదు. కర్ర భుజాన వేసుకుని ఇంటికి నడిచేది.

ఆమెకి ఇంకో కట్టడి ఉండేది. ఏటి మధ్యలో పడుకున్న ఎద్దులాంటి రాయి ఒకటుంది. ఎండలు ముదిరి నీళ్ళు తగ్గితే ఎద్దురాయి మూపురం బయటపడుతుంది. మూపురం తేలిందా, గాలం చుట్టెయ్యాలి. వానలకి అది మళ్ళీ మునిగేదాకా చేపని ముట్టకూడదు. అది ఆమె తండ్రి చెప్పిన మాట.

ఎందుకంటే, ఏరు వేడెక్కితే చుక్కచేపకి ఊపిరాడదు. ఏటిలో ఉన్న చేపలన్నీ ఒక్క చల్లని ఊట దగ్గరికి చేరి తలదాచుకుంటాయి. అప్పుడు గాలమెందుకు, గంప చాలు. ఆ ఊట ఎక్కడుందో గవిరమ్మ ఒక్కదానికే తెలుసు.

ఒక ఏడు ఎండలు మండిపోయాయి. మూపురం తేలింది. గవిరమ్మ గాలం చుట్టి, కర్ర చూరులో పెట్టి, అంబలితో సరిపెట్టుకుంది. సరిగ్గా అప్పుడే ఆ దేశపు రాజు రణధీరుడు కాబోయే వియ్యంకుణ్ణి వెంటబెట్టుకుని కొండెక్కాడు. ఏటి అవతలి గట్టున గుడారాలు వేయించాడు. గొప్పకు పోయి, "రేపటి విందులో మీకు నూరు చుక్కచేపలు వడ్డిస్తాను" అని మాటిచ్చేశాడు.

రాజు సేనని నడిపే దళవాయి మూడు మడుగుల్లో వలలు వేయించాడు. మొదటి మడుగులో వల చిరిగింది. రెండో మడుగులో పీత దొరికింది. మూడో మడుగులో పీతకే దళవాయి వేలు దొరికింది.

రాజు గవిరమ్మని పిలిపించాడు. భటులు ఆమెనీ, చూరులో ఉన్న కర్రనీ కూడా తీసుకొచ్చారు.

"ఏమమ్మా, చేపలు ఎక్కడ దాక్కున్నాయో నీకు తెలుసట?"

"తెలుసు దొరా."

"ఎక్కడ?"

"చెప్పను. మూపురం తేలింది."

రాజు తన చేతి కంకణం తీసి ఆమె ముందు పెట్టాడు. "ఇప్పుడు చెప్పు."

గవిరమ్మ దాన్ని వేలితోనైనా ముట్టలేదు. "బంగారం వేసుకుంటే చెయ్యి బరువెక్కుతుంది దొరా. ఈగ మెల్లగా వాలదు. మీ దగ్గరే ఉంచుకోండి."

దళవాయికి ఒళ్ళు మండింది. "ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా, ముసలీ!" అంటూ ఆమె కర్ర అందుకుని మోకాలికేసి పుటుక్కున విరిచాడు.

అది ఆమె తండ్రి కొట్టి ఇచ్చిన వెదురు. గవిరమ్మ రెండు ముక్కల్నీ ఏరి పక్కన పెట్టింది. "కొండమీద వెదుళ్ళకి కరువులేదు బాబూ. మాటమీద నిలబడేవాళ్ళకే కరువు."

రాజు ఉగ్రుడై లేచాడు. "చెప్పేదాకా దీన్ని ఎద్దురాయిమీద కూర్చోబెట్టండి! నీడ లేదు, నీళ్ళు లేవు. రేపటికీ చెప్పకపోతే మళ్ళీ ఈ ఏటి ఛాయలకి రాకుండా దేశం దాటించండి!"

ఆ ఏరు తప్ప గవిరమ్మకి మరో బతుకు తెలియదు. అయినా తల వంచలేదు.

"కూర్చుంటాను దొరా. కానీ ఇద్దరం కూర్చుందాం. నేను ముందు నీడకి పోతే నా నోటితోనే ఊట చెబుతాను. మీరు ముందు పోతే ఇక అడగకండి."

వియ్యంకుడు మీసాల్లో నవ్వుకున్నాడు. "పందెం బాగుంది బావగారూ. ఎండలో కూర్చోవడమే కదా!"

ఇక రాజు వెనక్కి తగ్గలేకపోయాడు. ఇద్దరూ ఎద్దురాయి ఎక్కి కూర్చున్నారు.

పొద్దెక్కింది. రాయి పెనంలా కాలింది. రాజు ముందు కిరీటం తీశాడు. తరువాత కండువా తీశాడు. ఆ తరువాత పందెం ఎవరు పెట్టారో వాళ్ళని తిట్టడం మొదలుపెట్టాడు. గవిరమ్మ కొంగు తలమీద కప్పుకుని, కళ్ళు మూసుకుని, నాలుక పిడచకట్టుకుపోతున్నా కదలకుండా కూర్చుంది.

సరిగ్గా మిట్టమధ్యాహ్నం రాజు లేచి నీళ్ళలోకి దూకాడు. గుడారాల వైపు పరిగెడతాడనుకుంది గవిరమ్మ. కానీ కళ్ళు బైర్లు కమ్మిన రాజు దగ్గర్లో ఉన్న కొండచరియ నీడకిందికి పోయి, మోకాళ్ళ లోతు నీళ్ళలో కూలబడ్డాడు.

ఆ నీడకిందే ఊట!

"అబ్బ, ఎంత చల్లగా ఉంది!" అన్నాడు రాజు. మరుక్షణం అతని కాళ్ళకి మెత్తగా ఏవో తగిలాయి. వంగి చూశాడు. పదులు కాదు, వందలు. చుక్కచేపలన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని, నోళ్ళు తెరుస్తూ మూస్తూ ఊటచుట్టూ నిలబడి ఉన్నాయి. పారిపోయే శక్తి కూడా వాటికి లేదు.

దళవాయి వలతో ఉరికొచ్చాడు. "మనం అడగనే లేదు ప్రభూ, అవే దొరికాయి! కదలకండి, వల వేస్తాను!"

గవిరమ్మ రాయిమీద లేచి నిలబడింది. ఎండిన గొంతుతోనే అరిచింది.

"వెయ్యి బాబూ! కానీ ముందు మీ దొరమీద వెయ్యి. ఎండకి తాళలేక అవి ఏ నీడకి పారిపోయాయో, దొరా, మీరూ ఆ నీడకే పారిపోయారు. అక్కడికి చేరినవాళ్ళని కొట్టడం న్యాయమైతే మొదటి దెబ్బ మీకే పడాలి!"

రాజు తన కాళ్ళని చూసుకున్నాడు. వాటి మధ్య తలదాచుకున్న చేపల్ని చూశాడు. చెయ్యెత్తాడు.

"వల చుట్టెయ్, దళవాయీ."

మర్నాటి విందులో కొర్రన్నం, పప్పు వడ్డించారు. రాజు తల దించుకున్నాడు. వియ్యంకుడు మాత్రం రెండోసారి అడిగి వడ్డించుకుని, "నీడకి చేరినదాన్ని కాచే ఇల్లు ఇది. మా పిల్లని ధైర్యంగా ఇస్తాను" అన్నాడు.

రాజు గవిరమ్మని ఏం కావాలో కోరుకోమన్నాడు.

"నాకొక వెదురుకర్ర కావాలి దొరా. విరిచింది దళవాయి గనక దళవాయే కొట్టి తేవాలి."

పీత కరిచిన వేలితో దళవాయి కొండంతా తిరిగి కర్ర తెచ్చాడు. గవిరమ్మ వంచి చూసి, బాలేదని రెండుసార్లు తిప్పి పంపింది. మూడో కర్ర చూరులో పెట్టుకుంది. వానలొచ్చి ఎద్దురాయి మూపురం మునిగేదాకా దాన్ని కిందికి దించలేదు.

తన ఆకలికి తానే హద్దు గీసుకున్న మనిషిని ఏ రాజూ వంచలేడు.