ఖాసింబీ కుట్టిన టాపు

ఏ సంస్థానమో చెప్పను. చెప్పినా ఇప్పుడక్కడ మొండిగోడలే ఉన్నాయి. అక్కడి దొరకు మడిచే గుడ్డ టాపున్న పాత స్పోర్ట్స్ కారుండేది. తుక్కైన దాన్ని మేస్త్రీ మస్తాను ఆరేళ్లు కష్టపడి బాగుచేశాడు. టాపు అతని భార్య ఖాసింబీ కుట్టింది. కుట్టిన ఏడాదే ఆమె చనిపోయింది.

పాత కార్లు పోగుచేసే షావుకార్లు బేరానికొచ్చారు.

"దొరా, నాకు బహుమానాలొద్దు. ఆ టాపిప్పించండి," అన్నాడు మస్తాను.

"టాపు లేకపోతే కారు బోడిగుండురా! అయినా అది కారుతోపాటు సీమనుంచి ఓడలో వచ్చింది," అని దొర షావుకార్ల వైపు చూసి మీసం దువ్వాడు.

"అయితే మా ఆడమనిషి కుట్టింది ఇందులో కనబడితే తీసుకుపోవచ్చా?"

"నిక్షేపంగా తీసుకుపో! ఈ పెద్దలే సాక్షులు."

మస్తాను టాపు విప్పి తిరగేశాడు. లోపలి అస్తరంతా ఖాసింబీ పెళ్లినాటి ఎర్రచీర, జరీ అంచుతో సహా.

"సీమ దొరసానులు ధర్మవరం చీరలు కట్టేవారా, దొరా?"

షావుకార్లు పగలబడి నవ్వారు.

కారు బోడిగానే అమ్ముడైందట. వానొస్తే మస్తాను ఆ టాపును వాకిట్లో పందిరిలా కట్టుకుని కింద కూర్చునేవాడు. రెండు సీట్ల కారు టాపు గనక ఇద్దరికి చోటుండేది. అతను మాత్రం ఓ పక్కకే ఒదిగేవాడు.