చికెన్ కొట్టు వాళ్ళ రాక్షసబల్లి

అనగనగా ఒక ఊళ్ళో, రైలు గేటు పక్కన, ఒక చికెన్ కొట్టు ఉండేది. ముక్కు మూసుకుంటావేమే చిట్టీ? రోజూ రాజుగారి కోటే కావాలా నీకు? ఇవాళ కోళ్ళ కొట్టు కథే. వింటే విను, లేకపోతే అటు తిరిగి పడుకో.

ఆఁ, అలా రా దారికి.

ఆ కొట్టు సైదులుది. మనిషి తాటిచెట్టంత పొడుగు, నోట్లోంచి మాట మాత్రం పట్టుమని పది వచ్చేవి కావు. పదిహేనేళ్ళుగా అదే మొద్దు ముందు అదే కత్తి పట్టుకుని నిలబడ్డాడు. అతనికి ఒక్కతే కూతురు. వాళ్ళ ముత్తవ్వ పేరు నాగూర్‌బీ అని పెట్టుకున్నారు. అందరూ నాగూరీ అనేవాళ్ళు. ఏడో తరగతి చదివేది.

నాగూరీకి ఒక పిచ్చి ఉండేది. రాక్షసబల్లులు లేవూ, ఎప్పుడో కోట్ల ఏళ్ళ కిందట తిరిగి తిరిగి మాయమైపోయాయి చూడు, డైనోసార్లు, వాటి ప్లాస్టిక్ బొమ్మలు పోగేసేది. తయారైపోయిన బొమ్మలు కాదమ్మా. డబ్బాలో ముక్కలు ముక్కలుగా వస్తాయి, మనమే కూర్చుకోవాలి. ఒక ప్లాస్టిక్ చట్రానికి ముక్కలన్నీ అంటుకుని ఉంటాయి. ప్రతి ముక్క పక్కనా చట్రం మీద ఒక నెంబరు ఉంటుంది. ఏ నెంబరు తీసుకెళ్ళి ఏ నెంబరులో గుచ్చాలో ఒక కాగితం చెబుతుంది. నాగూరీ గోళ్ళు తీసుకునే కట్టర్‌తో ఒక్కొక్క ముక్కే తుంచి, గరుకంతా నున్నగా అరగదీసి, అప్పుడు గుచ్చేది. ఎంత ఓపికో! నీకు జడ వేసేంతసేపు కూర్చునే ఓపిక కూడా లేదు.

మొదటిది వాళ్ళ నాన్న తిరనాళ్ళలో కొనిపెట్టాడు. మూడు కొమ్ములది. రెండోది ఒక స్నేహితురాలికి తన రంగుపెన్సిళ్ళన్నీ ఇచ్చేసి మార్చుకుంది. అది వీపు మీద రేకులున్నది. మూడోది వాళ్ళ మేనమామ విజయవాడ నుంచి తెచ్చాడు. అబ్బో, అది చూడాలి! కోరపళ్ళ బల్లి, అన్నిట్లోకీ రౌడీది. పైగా తోలూ కండా లేకుండా ఒట్టి అస్థిపంజరం. ఎనభై నాలుగు ముక్కలు.

అప్పుడే బళ్ళో సైన్సు ప్రదర్శన పెడతామన్నారు. మొదటి బహుమతి ఏమిటో తెలుసా? హైదరాబాదు మ్యూజియంలో నిజం రాక్షసబల్లి ఎముకలు నిలబెట్టి ఉన్నాయి. గెలిచిన పిల్లనీ, వాళ్ళింట్లో ఒక పెద్ద మనిషినీ తీసుకెళ్ళి చూపిస్తారట. ఆ మాట విన్నప్పటి నుంచీ నాగూరీకి అన్నం సయించలేదు. ఆ ఎముకల ముందు ఒక్కసారి నిలబడాలి. దాని ప్రాణమంతా అక్కడే ఉంది.

ఇంకొక సంగతి చెప్పాలి. ఆ బళ్ళో విహారి అని ఒక పిల్లాడు, రైసుమిల్లు వాళ్ళబ్బాయి. నాగూరీ కనిపిస్తే చాలు, "కొక్కొరొకో" అని కూసేవాడు. వాడు కూస్తే క్లాసంతా నవ్వేది. వాడి దగ్గరా అదే కోరపళ్ళ డబ్బా ఉంది. ఆ నవ్వులకి నాగూరీకి తల కొట్టేసినట్టయ్యేది. ఒకరోజు ఆ ఉక్రోషంతో ఇంటికొచ్చి, "నాన్నా, నువ్వు బడికి రావద్దు. నీ దగ్గర కోళ్ళ వాసనొస్తుంది" అనేసింది.

అనొచ్చా అలాగ? నేనైతే తొడపాశం పెట్టేదాన్ని. సైదులు మాత్రం "సరేలే అమ్మలూ" అని కత్తి కడుక్కున్నాడు.

ఆ తర్వాత శనివారం సాయంత్రం నాగూరీ ట్యూషన్‌కి వెళ్ళింది. ప్రదర్శనేమో సోమవారం. సైదులు డబ్బా విప్పి చూశాడు. ఇన్ని ముక్కలు ఒక్కొక్కటే గిల్లుతూ కూర్చుంటే పిల్లకి ఎప్పటికి తెమిలేను, మనం కాస్త సాయం చేద్దాం అనుకున్నాడు.

అప్పుడేం చేశాడు? తనకు తెలిసిన పద్ధతే చేశాడు. చికెన్ కొట్టులో పద్ధతి నీకు తెలుసుగా. పనికొచ్చే ముక్క కోసి, కడిగి, ఇస్తారు. పనికిరానిది వేస్టు డ్రమ్ములో పారేస్తారు. సైదులు కత్తెర పట్టి ఎనభై నాలుగు ముక్కలూ చకచకా కత్తిరించాడు. ఉప్పూ పసుపూ పట్టించలేదు గానీ, మూడు నీళ్ళల్లో కడిగాడు. స్టీలు బేసిన్లో పోశాడు. చట్రాలు ఫెళఫెళా విరిచి డ్రమ్ములో పడేశాడు. ఆ తర్వాత వేస్టు బండి వచ్చింది, డ్రమ్ములో ఉన్నదంతా ఎత్తుకుపోయింది.

నెంబర్లన్నీ చట్రం మీదే కదే తల్లీ ఉన్నాయి!

నాగూరీ వచ్చింది. బేసిన్ చూసింది.

"నాన్నా, చట్రాలేవి?"

"వేస్టు కదమ్మా, పారేశా. చూడు, ఎంత శుభ్రంగా కడిగానో."

పిల్ల నేల మీద కూలబడి ఏడ్చింది. సంగతి తెలిసి వాళ్ళమ్మ, "చేతులు ఊరుకోవు గదా ఈ మనిషికి!" అని నెత్తి కొట్టుకుంది. సైదులు సైకిలెక్కి ఆ బండి వెంట ఊరవతల దాకా తొక్కాడు. అది ఎప్పుడో వెళ్ళిపోయింది. వట్టి చేతుల్తో తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రావడానికి మొహం చెల్లలేదు పాపం.

కాగితం ఉంది, కానీ ఏం లాభం? బొమ్మల్లేవు, పన్నెండు తీసి ఇరవై ఏడులో పెట్టు అంటుంది. ఏది పన్నెండు, ఏది ఇరవై ఏడు? డబ్బా మీద బొమ్మ చూద్దామంటే అది తోలు కప్పుకుని, నోరు తెరుచుకుని ఉంది. ఒక్క ఎముక కనిపించదు.

ఆదివారం పొద్దున్నే నాగూరీ కళ్ళు తుడుచుకుని కూర్చుంది. మొదట పెద్ద ముక్కలు పెద్ద ముక్కలకి తగిలించి చూసింది. నిలబడినట్టే నిలబడి దభీమని పడింది. అప్పుడు పక్కింటి ఫణిని పిలిచింది. ఇంజనీరింగు చదువుతున్నాడు. అతను ఫోన్లో బొమ్మలు చూసి చూసి, "ఈ పక్కటెముకలన్నీ ఒకేలా ఉన్నాయి నాగూరీ. నెంబర్లు లేకుండా ఆ బ్రహ్మదేవుడి వల్ల కూడా కాదు" అని లేచి వెళ్ళిపోయాడు. ఇక మూడోసారి ప్రయత్నం ఏముంది? ముక్కలన్నీ డబ్బాలో పోసి మూత పెట్టేసింది. హైదరాబాదూ లేదు, ఎముకలూ లేవు అనుకుని మళ్ళీ ఏడుస్తూ కూర్చుంది.

ఆదివారం కదా, కొట్టు దగ్గర జనం తగ్గే సరికి మధ్యాహ్నం మూడయింది. సైదులు రెండుసార్లు సబ్బు రుద్దుకుని స్నానం చేశాడు. అప్పుడు వచ్చి దూరంగా కూర్చున్నాడు.

"ఒక్కసారి నన్ను చూడనిస్తావా అమ్మలూ?"

"నువ్వు చూసింది చాల్లే నాన్నా."

చివుక్కుమనదూ? మనిషికి మనసుండదూ? అయినా సైదులు లేవలేదు. మూత తీశాడు. ఒక ముక్క వేళ్ళ మధ్య పెట్టి అటూ ఇటూ తిప్పాడు.

"ఇది తుంటి" అన్నాడు.

"నీకెలా తెలుసు?"

"కోడికీ ఇంతే. ఇదుగో, ఇక్కడ గుంట ఉంది చూడు. తొడ ఎముక గుండు దీంట్లో తిరుగుద్ది. రోజూ నేను కత్తి దించేది ఇక్కడే."

అని, మిగతా ముక్కల్లో చెయ్యి పెట్టి, చూడకుండానే వెతికాడు. కళ్ళతో కాదే చిట్టీ, వేళ్ళతో. ఒకటి తీసి గుంటలో పెట్టాడు. టక్! అతుక్కుంది. నాగూరీ ఏడుపు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

అప్పుడు మోకాలు దొరికింది. ఆ తర్వాత పాదం దొరికింది. "కాలు అయింది, ఇక మెడ చూద్దాం" అన్నాడు సైదులు. తల దగ్గర సన్నం, కిందకొచ్చే కొద్దీ లావు, ఒక్కొక్కటే వరస పెట్టాడు. పక్కటెముకలు చేత్తో వంపు చూసి కుడివి కుడికీ, ఎడమవి ఎడమకీ వేశాడు. బ్రహ్మదేవుడి వల్ల కాదన్నది, సైదులు వల్ల అయింది!

కానీ తోక దగ్గరకొచ్చి ఆగిపోయాడు. "కోడికి ఇంత తోకెక్కడిదమ్మా? ఇది నాకు తెలీదు."

"నాకు తెలుసు నాన్నా! బల్లి తోకలాగా, మొదట్లో లావు, చివరికి సన్నం" అని నాగూరీ ముందుకు జరిగింది. తోకంతా తనే పేర్చింది. రెక్కలుండే చోట ఏం పెట్టాలని అతను తటపటాయిస్తే, రెండేసి వేళ్ళున్న బుడ్డి చేతులు తీసి ఇచ్చింది. తండ్రికి తెలియనిది కూతురు, కూతురికి తెలియనిది తండ్రి చెప్పుకుంటూ, ఇద్దరూ తలా తలా ఆనించి కూర్చున్నారు.

"పదిహేనేళ్ళుగా ఊడదీయడమేనమ్మా నా పని. అతికించడం ఇదే మొదలు" అన్నాడు సైదులు.

సూర్యుడు దిగకముందే బల్లి తన కాళ్ళ మీద తను నిలబడింది. కానీ డబ్బాలో ఒక ముక్క మిగిలిపోయింది. చిన్నది, పంగలకర్రలాగా చీలి ఉంది. నాగూరీ కాగితం మొత్తం వెతికింది. అందులో ఎనభై మూడే ఉన్నాయి. దీని ఊసే లేదు.

"ఎక్కువొచ్చినట్టుంది నాన్నా, పారేద్దాం."

"ఆగాగు! పారేసినందుకే కదా నిన్న నాకు గడ్డి పెట్టారు." సైదులు నవ్వాడు. "ఇది లేని కోడిని నేనింతవరకూ చూడలేదు. మెడ కింద, రెండు భుజాల మధ్య ఉంటది." అక్కడ వేలితో తడిమితే సన్నటి గాడి తగిలింది. పెట్టాడు. టక్!

సోమవారం వచ్చింది. సైదులు బల్లిని చేతుల్లో పసిపిల్లని మోసినట్టు బడి దాకా మోసుకొచ్చి, గేటు దగ్గర కూతురి చేతికిచ్చి, తను బయటే నిలబడిపోయాడు. లోపల విహారి బల్లి అద్దాల పెట్టెలో, రంగు లైట్ల కింద ధగధగా మెరిసిపోతోంది. నాగూరీని చూడగానే వాడు "కొక్కొరొకో" అన్నాడు. అందరూ నవ్వారు.

బహుమతులు నిర్ణయించడానికి కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే ఇందుమతి మేడం వచ్చింది. విహారి బల్లిని చూసింది, బావుందంది. నాగూరీ బల్లి దగ్గరకొచ్చింది, వంగింది, కళ్ళజోడు సర్దుకుంది. మళ్ళీ వెనక్కెళ్ళి విహారి బల్లి చూసింది.

"బాబూ, ఇక్కడొక ఎముక ఉండాలే?"

"అది ఎక్స్‌ట్రా ముక్క మేడం. కాగితంలో లేదు, పారేశాను."

"ఎక్స్‌ట్రా కాదు, ఉండాల్సిందే. కాగితం వేసినవాళ్ళే మర్చిపోయారు." ఆవిడ నాగూరీ వైపు తిరిగింది. "నీకెవరమ్మా చెప్పారు, ఇది ఇక్కడ పెట్టాలని?"

"మా నాన్న."

"నాన్నగారు డాక్టరా?"

అందరూ నాగూరీ వైపే చూస్తున్నారు. విహారి నోటి మీద చెయ్యి పెట్టుకుని కూయడానికి సిద్ధంగా ఉన్నాడు. ఒక్క అబద్ధం చాలు, గండం గడిచిపోతుంది. కానీ దానికి నిన్నటి ఆ వేళ్ళు కళ్ళ ముందు మెదిలాయి.

"కాదండీ" అంది గట్టిగా. హాలంతా వినపడేలా అంది. "రైలు గేటు దగ్గర చికెన్ కొట్టు మాది. సైదులు మా నాన్న. కోడి ఎముకలు తెలుసు కాబట్టి నెంబర్లు లేకుండానే ఎనభై నాలుగూ పెట్టించాడు."

శభాష్! అదీ పిల్లంటే!

ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే మేడం నవ్వలేదు. "ఈ కోరపళ్ళ బల్లికి ఇవాళ భూమ్మీద మిగిలిన చుట్టాలెవరో తెలుసా పిల్లలూ? పక్షులు. మన కోడీ ఆ వంశమే. ఏదీ, ఆయన్ని పిలవండి, నేను చూడాలి" అంది.

నాగూరీ తనే పరిగెత్తింది. గేటు బయటికెళ్ళి తండ్రి చెయ్యి పట్టుకుని లాగింది.

"వద్దమ్మలూ, వాసనొస్తుందేమో" అన్నాడు సైదులు.

"రానీ నాన్నా, తప్పు నాది. పద" అంది.

మొదటి బహుమతి నాగూరీకే వచ్చింది. నవ్విన నాపచేనే పండుతుందని ఊరికే అన్నారా పెద్దలు? చప్పట్లతో రేకుల కప్పు అదిరిపోయింది. ఆ తర్వాత విహారి మెల్లిగా సైదులు పక్కకు చేరి, "అంకుల్, నా బల్లి కూడా ఒకసారి చూస్తారా?" అని అడిగాడు. సైదులు వాడి తల నిమిరి, "ఆదివారం కాకుండా ఎప్పుడైనా రా నాయనా" అన్నాడు.

అప్పుడు తండ్రీ కూతుళ్ళు హైదరాబాదు వెళ్ళారు. అక్కడ నిజం ఎముకలు! మన ఇంటి కప్పును దాటి పైకి లేచిన మెడ! నాగూరీ అలా తలెత్తి చూస్తూ ఉండిపోయింది. సైదులు మాత్రం ఒక్కొక్క కీలూ చూపించి కూతురికి చెప్పడం మొదలుపెట్టాడు. ఇది తుంటి, ఇది మోకాలు, బరువంతా ఇదుగో ఇక్కడ పడుద్ది అని. ఎన్నడూ అన్ని మాటలు మాట్లాడి ఎరగడు. చుట్టూ పదిమంది పోగయ్యారు. అందులో ఒక పెద్దాయన దండం పెట్టి, "ఎంత చక్కగా చెబుతున్నారండీ! మీరు ఏ కాలేజీలో సారు?" అని అడిగాడు.

సైదులు తడబడ్డాడు. నాగూరీ తడబడలేదు.

"కాలేజీ కాదండీ, చికెన్ కొట్టు" అంది. "ఇంకా ఏమైనా అడగండి, మా నాన్న చెబుతాడు."

కీలూ కీలూ కలిసింది,
కోరల బల్లీ నిలిచింది,
నాన్నా కూతురు గెలిచారు,
నవ్విన వాళ్ళే పిలిచారు!
కథేమో చేరింది కంచికి,
మనమూ చేరుదాం మంచానికి.