కొండ ఇచ్చే కరెంటు

జామిగూడ అనే కొండమీది ఊళ్లో బొంజన్న అనే ఆటో డ్రైవరు ఉండేవాడు; చేతికి అందింది ఏదైనా సరే, అంచుదాకా నిండితే తప్ప ఇంకొకరికి వదిలేవాడు కాదు. కుళాయి దగ్గర కూడా తన ఆఖరి బిందె పొర్లాకే పక్కకు జరిగేవాడు.

అతనిది కరెంటు ఆటో. ఇన్నాళ్లూ కొండ కిందే చార్జి చేసుకునేవాడు. ఈమధ్యే ఊళ్లో ఒక చార్జింగ్ పాయింటు పెట్టారు. సంత రోజు పొద్దున్నే తన తొలి టమాటా కాపును పెట్టెలకెత్తి, ఆటోను అక్కడ ప్లగ్గుకు తగిలించాడు. కొండ కింద సంతలో సరుకు కొనే లారీ పది గంటలకల్లా వెళ్లిపోతుంది. అది తప్పితే పండిన కాయలు వచ్చే సంతదాకా ఆగవు.

వెనకే కాసులమ్మ తన కరెంటు ఆటోతో వచ్చింది. బండిలో నాలుగు అల్లం బస్తాలున్నాయి. చార్జి అడుగంటింది.

"మరిదీ, నీది తొంభై దాటింది. ఇక తియ్యి. నాకు పావుగంట చాలు. మిగతాది దిగేటప్పుడు కొండే ఇస్తుంది," అంది.

బొంజన్న పగలబడి నవ్వాడు. "కొండ కరెంటు ఇస్తుందా వదినా! ప్లగ్గు కోసం ఎన్ని కథలు చెబుతావు? నూరు చూడందే తియ్యను."

నూరు చూశాడు. ఈల వేసుకుంటూ బయలుదేరాడు.

మొదటి మలుపులోనే ఈల ఆగిపోయింది. రోజూ వాలులో తనంతట తానే నిదానించే ఆటో, ఇవాళ ఎవరో తోసినట్టు జారిపోతోంది. బ్రేకు తొక్కాడు. ఇంకా గట్టిగా తొక్కాడు. మూడో మలుపుకు కాలిన వాసన, చక్రాల దగ్గర పొగ. ఎలాగో కొండవైపు ఒరిగించి ఆపాడు. దిగి చక్రాల కింద రాళ్లు పెట్టాడు.

కాసేపటికి కాసులమ్మ వచ్చింది.

"మలుపులో కాపురం పెట్టావేం మరిదీ?"

"బ్రేకులు కాలిపోయాయి వదినా. లారీ వెళ్లిపోతుంది."

"మొన్న నేనూ ఇలాగే నిండా పెట్టుకుని దిగి ఏడ్చాను. వాలులో మోటారే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. ఆ పట్టులోంచి కరెంటు పుట్టి బ్యాటరీలోకి పోతుంది. చోటే లేకపోతే ఎక్కడికి పోవాలి? మోటారు పట్టు వదిలేస్తుంది. భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. సరే, పెట్టెలు ఇటు వెయ్యి. నా బండిలో చోటుంది."

పెట్టెలు మార్చి బొంజన్న ఆమె పక్కన కూర్చున్నాడు. ఆటో బుద్ధిగా దిగుతోంది. చార్జి మీటరు మీద ఇరవై కాస్తా ఇరవై రెండయింది. తర్వాత ఇరవై ఐదు. అతను కళ్లు తిప్పలేదు.

"పెరుగుతోందే!"

"నీ టమాటాల బరువు కూడా నాకు కరెంటే," అని నవ్వింది కాసులమ్మ.

లారీ ఇంజను స్టార్టు చేస్తుండగా చేరారు. ఒక్క పెట్టె మిగలకుండా అమ్ముడైంది.

మరుసటి సంత రోజు మీటరు ఎనభై చూపించగానే బొంజన్న ప్లగ్గు తీసి కాసులమ్మ చేతికిచ్చాడు. "పట్టు వదినా. మిగతాది కొండ దగ్గర తీసుకుంటాను."

అంచుదాకా నింపుకున్నవాడికి దారి ఏమీ ఇవ్వలేదు; ఇతరుల కోసం కొంత వదిలినవాడికే, తిరిగి అందుకునే చోటు మిగులుతుంది.