తెర చాటు వేలంపాట

పొరుగువాడి పొయ్యి వెలిగితే ఓర్వలేని మనిషి షావుకారు వరహాలయ్య. అందులోనూ దాయాది భద్రయ్య పేరు వినబడితే ముద్ద మింగుడు పడదు.

పన్ను కట్టలేదని ఊళ్లో నూనె ఆడే వీరమ్మ గానుగను కొత్వాలు జప్తు చేసి వేలానికి పెట్టాడు. ఆ రాజ్యంలో వేలం పాడేవాళ్లు ఒకరికొకరు కనబడకూడదు. తెరల చాటున కూర్చుని, ధర పెంచాలంటే గంట కొట్టాలి.

"భద్రయ్య బాబుగారి కన్ను నా గానుగ మీద పడిందంట," అని వీరమ్మ ముందే వరహాలయ్య చెవిన వేసింది.

ఇంకేముంది! పక్క తెర వెనక గంట మోగినప్పుడల్లా వరహాలయ్య ఒళ్లు భగ్గుమంది. "వాడికి దక్కనిస్తానా!" అని తనూ కొట్టాడు. డొక్కు గానుగ పది కొత్త గానుగల ధర పలికాక పక్క గంట ఆగిపోయింది. మీసం దువ్వుకుంటూ వెళ్లి ఆ తెర లాగాడు.

లోపల వీరమ్మ!

"నీ గానుగకి నువ్వే పాట పాడతావా?"

కొత్వాలు నవ్వాడు. "చట్టం ప్రకారం ఎవరైనా పాడొచ్చు షావుకారూ. పన్ను పోను మిగిలింది సొంతదారుకే ఇవ్వాలి."

వరహాలయ్య పళ్లు కొరికాడు. "మధ్యలో నేను మానేసుంటే ఏం చేసేదానివే?"

"మీ కడుపుమంట ఆరుతుందా బాబూ? దాన్ని నమ్ముకునే కదా ఎసరు పెట్టాను!"