బల్ల కింది చెక్క

నా చేతిలో మహిమ ఉందని ఎవరైనా అంటే నేను అడ్డు చెప్పను. సంతోషంగా మాట్లాడుతున్న మనిషిని మధ్యలో ఆపడం మర్యాద కాదని నా నియమం. ఈ నియమం వల్లే ఒకసారి ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చాను.

తుని మార్కెట్టు వెనక రేకుల షెడ్డులో కాసులయ్య మాస్టారు నొప్పులకి ఒళ్ళు పట్టడం నేర్పేవారు. ఆయన ఎడమచెయ్యి పదేళ్ళ కిందటే పక్షవాతంతో పడిపోయింది. కుడిచేత్తో చూపిస్తే నేను రెండు చేతులా పట్టేవాణ్ణి. వచ్చినవాడు ఎవరైనా సరే, ముందు జేబులో ఉన్నవన్నీ పళ్ళెంలో పెట్టాలి. తరవాత అయిదు నిమిషాలు మాట్లాడకుండా కుర్చీలో కూర్చోవాలి. ఆ తరవాత బీపీ చూడాలి. అప్పుడుగానీ బల్ల ఎక్కనిచ్చేవారు కాదు. పళ్ళెంలో మాత్రల అట్ట కనబడితే, ఎన్ని మిగిలాయో కూడా చూసేవారు.

"నిక్షేపంగా నడిచొచ్చినవాడికి ఇదంతా ఎందుకండీ?" అని ఒకసారి అడిగాను. ఆయన తువ్వాలు మడత పెట్టుకున్నారు.

ఒక వారం మాస్టారు పెళ్ళికి వెళ్ళారు. షెడ్డుకి నేనే రాజుని. రైసుమిల్లు మేస్త్రి వీరభద్రంగారు వస్తే పళ్ళెమూ లేదు, కుర్చీ లేదు, తిన్నగా బల్లెక్కించి గంటసేపు పట్టాను. చివర్లో ముచ్చటపడి బీపీ చూస్తే నూట ఇరవై నాలుగు, ఎనభై.

"నీ చేతిలో ఏదో ఉందయ్యా! రోజూ బీపీకి మాత్ర వేసుకుంటున్నాను, ఇదేమో ఇంత బాగుంది!" అన్నాడాయన.

నా నియమం మీకు తెలుసు. "మీకు బీపీ ఏంటండీ! ఎవరన్నారు?" అన్నాను.

మూడు వారాల తరవాత ఆయన మళ్ళీ వచ్చాడు. మాస్టారు పళ్ళెం చూశారు. తాళాలు, చుట్టలు, దువ్వెన.

"మాత్రలేవి భద్రం?"

"మానేశానుగా! బీపీ లేదని మీవాడే చెప్పాడు."

మాస్టారు నావైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, బీపీ పట్టీ నాచేతే కట్టించి, "పైకి చదువు" అన్నారు.

నూట డెబ్భై ఎనిమిది, నూట నాలుగు. ఇంకోసారి చూడమన్నారు. పెద్ద తేడా లేదు.

"నాకేం లేదు మాస్టారూ, తలనొప్పయినా లేదు. పట్టించండి, మిల్లుకెళ్ళాలి," అన్నాడు వీరభద్రంగారు.

నేనూ ఊరుకోలేదు. "ఆవేళ నిజంగానే బాగుందండీ. బాగున్నవాడికి మాత్రెందుకనుకున్నాను."

మాస్టారు బల్లకేసి చూపించారు. "అది ఊగుతోందా?"

"లేదండి."

"మరి ఆ కాలి కింద చెక్క ఎందుకురా? తీసెయ్."

తీశాను. బల్ల ఒక పక్కకి వాలింది. దానిమీదున్న గిన్నెడు నువ్వులనూనె జారి, ఉతికి కట్టుకున్న నా ఒక్కగానొక్క తెల్లపంచె మీద పడింది. వీరభద్రంగారు కుర్చీలో విరగబడి నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ, మాస్టారు కుడిచేత్తో ఎడమచేతిని ఎత్తి ఒళ్ళో సర్దుకోవడం చూశాడు. రోజూ చూసేదే. ఈసారి నవ్వు ఆగిపోయింది.

"డాక్టరుగారు ఇప్పుడుంటారా?" అన్నాడు మెల్లిగా.

"ఉంటారు. వీడు తీసుకెళ్తాడు. చేసింది వీడే, ఆయనకి చెప్పేదీ వీడే," అన్నారు మాస్టారు.

నూనె పంచెతోనే వెళ్ళాను. డాక్టరుగారు తిట్టిన తిట్లలో వీరభద్రంగారికి పావు వాటా, మిగతావన్నీ నావే. మాత్రలు మళ్ళీ మొదలయ్యాయి.

నెల తిరిగాక ఆయన వచ్చి పళ్ళెంలో మాత్రల అట్ట అందరికీ కనబడేలా పెట్టాడు. కుర్చీలో చూస్తే నూట ఇరవై ఎనిమిది, ఎనభై రెండు. బల్లెక్కి, నేను భుజం మీద చెయ్యి వేశానో లేదో, "ఏమైనా నీ చేతిలో ఏదో ఉందయ్యా!" అన్నాడు.

మాస్టారు కళ్ళద్దాల పైనుంచి చూశారు.

"ముందు ఆ చెక్కకి దణ్ణం పెట్టు," అన్నారు.

వంగి పెట్టాను. అప్పటినుంచి పళ్ళెం మరిచిపోలేదు, కుర్చీ మరిచిపోలేదు. ఎవరైనా పొగిడినప్పుడు నోరు మూసుకోవడం మాత్రం నాకు ఇంకా రాలేదు.